ఒక్కరికే చెప్పే ఫొటోగ్రఫీ క్లాసు: ఏం నేర్చుకోవాలి, ఎలా కుదుర్చుకోవాలి

నా దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకుంటామని ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగేవి రెండే. "ఫీజెంత మేడమ్? ఎన్ని క్లాసులు?" ఈ రెండింటికీ నేను వెంటనే జవాబు చెప్పను. మీరు తీసిన ఫొటోలు ఓ ఇరవై పంపండి, చూశాక మాట్లాడుకుందాం అంటాను. కొందరు అక్కడితో ఆగిపోతారు. పంపినవాళ్లతో మాత్రం ఆ ఫోన్‌లోనే పాఠం మొదలైపోతుంది.

పన్నెండేళ్ల కిందట నేనూ డబ్బు కట్టి ఒకాయన దగ్గర విడిగా నేర్చుకున్నాను. మొత్తం ఎనిమిది క్లాసులు. మొదటి అయిదూ ల్యాప్‌టాప్ ముందే గడిచిపోయాయి: కెమెరాల చరిత్ర, సెన్సర్ రకాలు, లెన్సుల పేర్లు. ఇరవైమంది బ్యాచ్‌కి చూపించే స్లైడ్లే నాకూ చూపించారని తర్వాత తెలిసింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను గానీ, ఆ పాఠం నాకోసం తయారైంది కాదు. నా బాధ వేరు. మా అమ్మాయి అప్పుడే నడక నేర్చుకుంటోంది. ఇంట్లో ఎన్ని ఫొటోలు తీసినా దాని మొహం, చేతులు చెదిరిపోయి వచ్చేవి. ఆ ఒక్క సంగతి ఎనిమిది క్లాసుల్లో ఒక్కసారీ రాలేదు. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

విడిగా నేర్చుకోవడానికి ఎక్కువ ఫీజు కట్టేదే పాఠం మన ఫొటోల దగ్గర మొదలవ్వాలని. అది జరగకపోతే బ్యాచ్‌లో చేరడమే నయం. జరగాలంటే, టీచర్ని వెతకబోయే ముందే మీ వైపు నుంచి కొంత పని ఉంది.

ముందు ఇరవై ఫొటోలు తీసి పెట్టుకోండి

పది మీకు నచ్చినవి, పది చెడిపోయినవి. చెడిపోయినవి ముఖ్యం, వాటిని డిలీట్ చేయకండి. ఫిల్టర్లు వేయకండి, కత్తిరించకండి. ఒక్కో చెడిపోయిన ఫొటో కింద మీరేం అనుకున్నారో, ఏం వచ్చిందో ఒక్క వాక్యం రాయండి. "వెనక గోపురం కనపడాలనుకున్నాను, అమ్మ మొహం నల్లబడింది." "పాప నవ్వు కావాలి, పాప చెదిరింది, వెనక సోఫా మాత్రం స్పష్టంగా ఉంది." "చీర అసలు రంగు నెమలికంఠం, ఫొటోలో మామూలు నీలం."

ఈ వాక్యాలే మీ సిలబస్. మొదటిది వెలుతురు గురించిన పాఠం, రెండోది ఫోకస్, షట్టర్ స్పీడ్ (ఫొటో తీసేటప్పుడు కెమెరా ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్నది), మూడోది వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకి కెమెరాని సర్దడం). పేర్లు మీకు తెలియాల్సిన పనిలేదు, చూడగానే టీచర్‌కి తెలియాలి.

ఫొటోల్ని వాట్సాప్‌లో మామూలుగా పంపకండి. సైజు తగ్గిపోవడమే కాదు, ఏ షట్టర్ స్పీడ్‌తో, ఏ ఐఎస్ఓతో (వెలుతురుని కెమెరా ఎంతగా పెంచి చూపిస్తుందో చెప్పే అంకె) తీశారో ఫైల్లో దాగి ఉండే వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి. ఆ వివరాలు చూస్తే ఫొటో ఎందుకు చెదిరిందో ఊహించక్కర్లేదు. 1/15 సెకను అని కనపడుతుంది, కదిలే పాపకి అది మరీ నెమ్మది, అంతే.

దేన్ని తీయాలని ఉందో ఒక్క మాటలో చెప్పండి

"ఫొటోగ్రఫీ మొత్తం రావాలండీ" అంటే ఏ టీచరైనా మొత్తం పుస్తకం తెరుస్తారు. "నేను అమ్మే చీరలు" అనండి, "మా పాప" అనండి, "అమీన్‌పూర్ చెరువు పక్షులు" అనండి. దాన్నిబట్టి క్లాసు రూపమే మారిపోతుంది. ఎంతగా మారుతుందో చెప్తాను.

హైదరాబాద్ కొత్తపేటలో ఇంటి నుంచి చీరలు అమ్మే ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. రంగు తేడా ఉందని కొన్నవాళ్లు చీరలు తిప్పి పంపేస్తున్నారు. ఆవిడ గదిలో చూస్తే కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైట్, మూలన పసుపుపచ్చ బల్బు, మూడూ ఒక్కసారే చీర మీద పడుతున్నాయి. ఒక్కో వెలుతురు రంగు ఒకటి. వెలుతురు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు: పగటి వెలుతురు 5500 దగ్గర ఉంటే, పసుపు బల్బు 3000 దగ్గర ఉంటుంది. కెమెరా ఏదో ఒకదానికి సర్దుకుంటుంది, మిగతా రెండూ రంగు పాడు చేస్తాయి. ఆవిడకు నేర్పింది ఇంతే: లైట్లన్నీ ఆపేయడం, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన చీర వేలాడదీయడం, అదే వెలుతుర్లో తెల్ల కాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకోవడం, కెమెరాని స్టాండ్ మీద పెట్టి ఎఫ్ 8 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్‌తో తీయడం. పట్టుచీరలో నిలువుపోగు ఒక రంగు, అడ్డపోగు ఇంకో రంగు ఉంటే చూసే కోణాన్నిబట్టి రంగు మారుతుంది కాబట్టి అలాంటి చీరకి రెండు కోణాల్లో తీయడం. జరీ మీద మెరుపు తెల్లగా కాలిపోకుండా వెలుతురికి అడ్డంగా పలచటి తెల్లగుడ్డ కట్టడం. మూడు క్లాసుల్లో అయిపోయింది. ఆవిడకి వేగంగా కదిలేవాటిని తీయడం నేను నేర్పలేదు, ఆవిడకి అది అక్కర్లేదు.

ఇక పెళ్లిళ్లకు అసిస్టెంటుగా వెళ్లే ఒక కుర్రాడి అవసరం ఇంకోటి. జీలకర్రా బెల్లం పెట్టే క్షణం, మధ్యలో తెర దించే క్షణం మళ్లీ రావు. అతనికి ఫ్లాష్ రావాలి. ఫ్లాష్‌ని మనిషి మొహాన కొట్టకుండా పైకప్పుకి తిప్పితే వెలుతురు మెత్తగా దిగుతుందని అతనికి తెలుసు. షామియానా ఎరుపైతే ఆ వెలుతురు ఎర్రగా దిగుతుందనీ, లాన్‌లో పెళ్లైతే తిరిగిరావడానికి పైకప్పే లేదనీ తెలీదు. ఫ్లాష్ వాడినప్పుడు చాలా కెమెరాల్లో షట్టర్ 1/200 సెకను కన్నా వేగంగా పెడితే ఫొటోలో నల్లపట్టీ పడుతుందనీ తెలీదు. అతని క్లాసులన్నీ రాత్రిపూట మా మేడ మీద, వరండాలో జరిగాయి. మా పిల్లలిద్దరినీ వధూవరుల్లా కూర్చోబెట్టి, తెర బదులు దుప్పటి పట్టి, పదేపదే దించాం.

ఒకే సబ్జెక్టు, రెండు వేరు క్లాసులు. మీది ఎలా ఉండాలో మీ ఒక్క మాట చెప్తుంది.

క్లాసుకని కొత్త కెమెరా కొనకండి. ఉన్నదానితోనే మొదలెట్టండి. కెమెరాతో వచ్చే 18-55 లెన్సు నేర్చుకోవడానికి చాలు. ఫోన్ మాత్రమే ఉంటే ఆ మాట ముందే చెప్పండి. వెలుతురు, ఫ్రేమ్, సమయం, ఈ మూడు పాఠాలకీ ఫోన్ సరిపోతుంది. మూడో క్లాసు అయ్యేసరికి మీకు ఏ లెన్సు లోటు ఉందో మీకే తెలుస్తుంది. అప్పుడు కొనండి. కెమెరా కొనిపించడానికి తొందరపెట్టే టీచర్ దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఎవరి క్లాసులోనైనా ఉండాల్సినవి

మీరు చీరలు తీసినా, పిల్లల్ని తీసినా, పక్షుల్ని తీసినా కొన్ని పాఠాలు తప్పవు. అవి బోర్డు మీద కాకుండా చేతిలో కెమెరాతో జరగాలని పట్టుబట్టండి. నేను చేయించేవి చెప్తాను, మీ టీచర్ని ఇలాంటివి అడగండి.

మొదటిది కిటికీ. ఒక మనిషిని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టండి. కెమెరాని ఆటోలోనే ఉంచి, ఆ మనిషి కిటికీ వైపు చూస్తుంటే ఒకటి, పక్కకి తిరిగితే ఒకటి, కిటికీకి వీపు పెడితే ఒకటి తీయండి. తర్వాత కుర్చీని కిటికీ నుంచి నాలుగడుగులు లోపలికి జరిపి మళ్లీ మూడు. ఆరు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే మొహంలో నీడ ఎక్కడ పడుతోందో, కంట్లో మెరుపు ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు పోతోందో కనపడుతుంది. సెట్టింగులేవీ నేర్చుకోకముందే మీ ఫొటోలు బాగుపడేది ఇక్కడే. నా మొదటి క్లాసు సగం ఇదే.

రెండోది తెల్లపంచె, నల్లగేదె. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఏది చూసినా దాన్ని మధ్యరకం బూడిదరంగుగా తేల్చాలని చూస్తుంది. అందుకే ఎండలో తెల్లపంచె కట్టుకున్న తాతగారు మాసిన పంచెలో ఉన్నట్టు వస్తారు, గేదె ఏమో బూడిద పూసుకున్నట్టు వస్తుంది. తెలుపు నిండిన ఫ్రేమ్‌కి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి చేరే వెలుతురు) ఒక మెట్టు పెంచాలి, నలుపు నిండితే ఒక మెట్టు తగ్గించాలి. ఇది ఒక్కసారి చేతితో తిప్పి చూస్తే జన్మలో మరిచిపోరు.

మూడోది ట్యూబ్‌లైట్. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే మామూలు ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకి వందసార్లు తగ్గీ పెరుగుతూ ఉంటుంది. కంటికి తెలీదు. షట్టర్ 1/500 పెడితే ఫొటోలో అడ్డచారలు పడచ్చు, లేదా వరసగా తీసిన ఫొటోల్లో ఒకటి వెలుగ్గా, ఒకటి చీకటిగా రావచ్చు. 1/50 లేదా 1/100కి తగ్గిస్తే పోతాయి. ఫంక్షన్ హాల్ స్టేజీ ఎల్ఈడీలది వేరే లెక్క, అక్కడ షట్టర్‌ని అటూ ఇటూ తిప్పి చూసుకోవాల్సిందే. కెమెరా పాడైందని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తినవాళ్లని నేను చూశాను, ఈ పాఠం ఎవరూ చెప్పక.

ఇంట్లో పిల్లలున్నవాళ్లయితే నాలుగోది షట్టర్. నడిచే పాపకి కనీసం 1/250, పరిగెత్తితే 1/500. ఐఎస్ఓ పెరిగి ఫొటోలో గింజలు కనపడితే కనపడనీ. గింజలున్న ఫొటోని ఆల్బంలో పెట్టుకుంటాం, చెదిరిన మొహాన్ని పెట్టుకోం. కదిలే మనిషిని వెంటాడే ఫోకస్ మోడ్ మీ కెమెరాలో ఎక్కడుందో ఆ రోజే వెతికించుకోండి. దీన్ని నేను వేరేచోట, చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. అప్పటికి మా అమ్మాయి తొలి అడుగుల రోజులు దాటిపోయాయి.

అయిదోది మంచి ఫొటోలు చూడటం. దీన్ని క్లాసులో భాగంగా అడిగి పెట్టించుకోండి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన మనుషుల ఫొటోలు చూడండి, ఆయన స్టూడియో సికింద్రాబాద్‌లోనే ఉండేది. గాజు పలకల మీద తీసేవారు, ఒక్కో ఫొటోకీ ఎంతో సన్నాహం కావాలి. మనిషిని ఎటు తిప్పి కూర్చోబెట్టారు, చేతులు ఎక్కడ పెట్టించారు, వెలుతురు ఏ వైపు నుంచి వచ్చింది అని ఒక్కో ఫొటో ముందు పది నిమిషాలు కూర్చుంటే చాలా బోధపడుతుంది. ఏటా హైదరాబాద్‌లో జరిగే ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కి టీచర్‌తో కలిసి వెళ్తే అదే ఒక క్లాసు.

వదిలేయాల్సినవీ ఉన్నాయి. లెన్సుల లోపలి గాజు అమరిక, కెమెరా కంపెనీల పోలికలు, డ్రోన్, ఒక్క నొక్కుతో రంగులు మార్చే ప్రీసెట్లు, ఇవి మీరు కట్టిన గంటల్ని తినేస్తాయి. ఎడిటింగ్‌కి ఒక్క క్లాసు పెట్టుకోండి, అదీ చివర్లో, మీరు తీసిన రా ఫైళ్ల (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఫైళ్ల) మీదే.

ఎన్ని క్లాసులు, ఎంతసేపు, ఎక్కడ

రెండు గంటలు మించితే కళ్లు పనిచేయవు, గంటైతే కెమెరా బయటికి తీసేసరికే అయిపోతుంది. వారానికి ఒకటి, మొత్తం అయిదారు, ఇది చాలామందికి కుదిరే లెక్క. రోజూ పెట్టుకోకండి. మధ్యలో మీరు ఒంటరిగా తీసి, తప్పులు చేసి తీసుకురావడానికి వారం కావాలి.

ఒకరే ఉండాలా, ఇద్దరైనా పరవాలేదా అని అడుగుతారు. ఇద్దరికీ ఒకే అవసరమైతే ఇద్దరు బాగుంటుంది, ఒకరిని ఒకరు తీసుకోవచ్చు, ఫీజూ పంచుకోవచ్చు. భర్త పక్షుల కోసం, భార్య వంటల ఫొటోల కోసం అయితే వద్దు, ఇద్దరికీ సగమే దక్కుతుంది.

ఆన్‌లైన్లో ఫొటోలు చూసి చర్చించడం చక్కగా కుదురుతుంది, ఎడిటింగూ కుదురుతుంది. అమెరికాలో ఉండే నా స్టూడెంట్లతో వారాంతాల్లో అదే చేస్తాను. మీరు కెమెరా ఎలా పట్టుకుంటున్నారో, మనుషుల దగ్గరికి వెళ్లడానికి ఎక్కడ జంకుతున్నారో మాత్రం స్క్రీన్ మీద నాకు కనపడదు. అందుకే ఒకే ఊళ్లో ఉంటే కనీసం మూడు క్లాసులు బయట పెట్టుకోండి.

క్లాసు వేళని టీచర్ ఖాళీనిబట్టి కాకుండా ఎండనిబట్టి నిర్ణయించుకోండి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు స్తంభానికి నీడే ఉండదు. అలాంటి ఎండలో మనిషి కళ్లు గుంటల్లా నల్లబడతాయి. వేసవిలో మధ్యాహ్నం పన్నెండింటికి బయట క్లాసు పెట్టే టీచర్, నీడలో ఎలా తీయాలో నేర్పడానికైతే సరే, లేకపోతే ఆ క్లాసు దండగ. మన దగ్గర సూర్యుడు నిటారుగా దిగిపోతాడు కాబట్టి పొద్దుటా సాయంత్రం ఎండ పచ్చగా మెత్తబడే బంగారు వెలుతురు ఎంతోసేపు ఉండదు. డిసెంబర్లో పొద్దుగూకేది ఆరు లోపే, జూన్లో దాదాపు ఏడింటికి. సాయంత్రం అయిదున్నరకి కలుద్దామంటే డిసెంబర్లో అది చీకటి క్లాసు. తేదీ పెట్టేముందు ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం చూసుకోండి.

చోటు సంగతి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి తెల్లవారుజామున వెళ్లండి: బంతిపూల రాశులు, బల్బుల వెలుగు, మెల్లగా కలిసే పగటి వెలుతురు, రంగు పాఠానికి అంతకన్నా ఏం కావాలి. లాడ్‌బజార్లో గాజుల కొట్ల ముందు అద్దాలు, మెరుపులు, జనం. గోల్కొండలో రాయి, నీడ, మెట్లు. చార్మినార్, గోల్కొండ పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి, అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు, అక్కడికి చేత్తో తీసే పాఠమే పెట్టుకోండి. మీ ఊరు ఏదైనా రైతుబజారు ఉంటుంది, చెరువుగట్టు ఉంటుంది, దూరం పోనక్కర్లేదు. మనుషుల్ని తీసేముందు "అన్నా, ఒక ఫొటో తీసుకోనా" అని అడగడం కూడా పాఠమే. అడిగితే చాలామంది సరే అంటారు. వద్దంటే దండం పెట్టి ముందుకెళ్లండి.

టీచర్‌తో ముందే మాట్లాడుకోవాల్సినవి

మన దగ్గర విడిగా ఫొటోగ్రఫీ చెప్పేవాళ్లలో చాలామంది పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లే. ముహూర్తాల రోజుల్లో వాళ్లు క్లాసు వాయిదా వేయక తప్పదు, అది వాళ్ల జీవనాధారం. కాబట్టి పంచాంగం చూసి క్లాసులు మొదలెట్టండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢం వస్తే ఆ రోజులు, వాళ్లకి తీరిక. ఫీజు గురించి మాట్లాడటానికీ అదే మంచి సమయం. పుష్యంలో చలికాలం పొద్దుటి ఎండ కూడా కలిసొస్తుంది.

మొత్తం ఫీజు ఒక్కసారే కట్టకండి. ఒక క్లాసుకి డబ్బిచ్చి చూడండి. ఆ రెండు గంటల్లో ఒక్కటే గమనించండి: కెమెరా ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంది? మీ కెమెరా లాక్కుని తనే సెట్ చేసి, తనే తీసి చూపిస్తుంటే మీరు చూస్తున్నది ఆయన పనితనం. మీరు తప్పు తీసేదాకా ఆగి, ఎందుకు ఇలా వచ్చిందనుకుంటున్నారు అని అడిగేవాళ్లు దొరికితే వదలకండి. మీ ఫొటో చూసి "సూపర్" అనేసినా, "వేస్ట్" అనేసినా నేర్చుకునేదేమీ ఉండదు.

ఈ నాలుగు మాటలు మెసేజ్‌లో రాసి పెట్టుకోండి, తర్వాత మొహమాటం ఉండదు. వాన పడితే క్లాసు ఎప్పటికి మారుతుంది. మధ్య వారంలో మీరు పంపే ఫొటోలు చూసి చెప్పడం ఫీజులో ఉందా. బయటికెళ్తే ప్రయాణ ఖర్చు ఎవరిది. క్లాసులో తీసిన ఫొటోలు, ముఖ్యంగా మీ పిల్లలవి, మీ అనుమతి లేకుండా టీచర్ తన పేజీలో పెట్టకూడదు.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. "ప్రాక్టికల్స్‌కి నాతో పెళ్లికి రండి" అంటే అది మంచి అవకాశమే, కాకపోతే అది క్లాసా పనా అన్నది ముందు తేల్చుకోండి. తెల్లారేదాకా లైటు పట్టుకుని నిలబడటం, బ్యాగులు మోయడం నేర్చుకోవడం కిందికి రాదు, దానికి మీరు ఫీజు కట్టడం అన్యాయం. క్లాసే అయితే ఆ రాత్రి మీరు కనీసం ఒక గంట తీయాలి, మర్నాడు వాటిని కూర్చుని చూడాలి.

అమ్మాయిలకి, ఆడవాళ్లకి: మొదటి క్లాసు పార్కులోనో, మార్కెట్‌లోనో పెట్టుకోండి, స్నేహితురాలిని వెంట తెచ్చుకోండి. మంచి టీచర్ దానికి నొచ్చుకోరు. ఫొటోలో కూర్చోవడానికి ఒక మనిషి దొరికిందని సంతోషిస్తారు.

ఇదే వృత్తిగా పెట్టుకోవాలనుకునే ఇంటర్ పిల్లలకి అయిదారు క్లాసులు చాలవు. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది, దాని గురించి కనుక్కోండి.

మధ్య వారంలో

రోజుకి పదిహేను నిమిషాలు, ఒకే వస్తువు. ఇంటి ముందు తులసికోట అనుకోండి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, వాన వెలిశాక. వారం చివర యాభై ఉంటాయి, అందులో అయిదు మీరే ఏరి తీసుకెళ్లండి. ఏరడం టీచర్‌కి వదలకండి. ఏది ఎందుకు తీసేశారో చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నప్పుడే కన్ను పదునెక్కుతుంది.

కుదుర్చుకునేటప్పుడే చివరి క్లాసుని మిగతావాటికి రెండు నెలల దూరంలో పెట్టించుకోండి. దాని డబ్బు ఆ రోజే ఇస్తానని చెప్పండి. ఆ రెండు నెలలూ ఎవరినీ అడక్కుండా తీయండి. చివరి క్లాసుకి ఆ ఫొటోలు ఇరవై, మొదట్లో ఒక్కో వాక్యం రాసిపెట్టుకున్న ఆ పది చెడిపోయినవీ పట్టుకెళ్లి, రెండు వరసల్లో బల్ల మీద పరచండి. ఆ వాక్యాల్లో ఇంకా ఏది మిగిలి ఉంటే ఆ రోజు పాఠం అదే.